మెరుపు వెనుక ఏమున్నది?

పాత బండిని కొనేవారు ముందుగా రంగును చూస్తారు, తరువాత ధర అడుగుతారు, ఆ తరువాత ఇంజను శబ్దం వింటారు. బ్రేకులు, టైర్లు, కాగితాలు చివరికి గాని గుర్తుకు రావు. ఈ వరుసను మార్చుకోనంత కాలం మన ఇళ్లలో నష్టాలు, ఒక్కొక్కసారి ప్రమాదాలు తప్పవు. ఈ మాటను వివరించడానికి మేము ఈ నెల పాఠకులను ఒక దూరదేశానికి తీసుకువెళ్తున్నాము. ఇటలీలో యాభై, అరవై ఏళ్లనాటి మోటారు సైకిళ్లను ఇంట్లో ఉంచుకొని, స్వయంగా బాగు చేసుకుంటూ, సెలవు రోజుల్లో రోడ్డెక్కించే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి అలవాట్లలో మనం నేర్చుకోదగినవీ ఉన్నాయి, మనం జాగ్రత్తపడవలసినవీ ఉన్నాయి.

సరస్సు ఒడ్డున ఒక కర్మాగారం

ఉత్తర ఇటలీలో కోమో సరస్సు తూర్పు ఒడ్డున, కొండల పాదాల వద్ద మాండెల్లో దెల్ లారియో అనే చిన్న పట్టణం ఉన్నది. మోటో గుజ్జి అనే పేరు గల మోటారు సైకిళ్లు 1921 నుంచి అక్కడే తయారవుతున్నాయి. ఆ సంస్థ పుట్టుక వెనుక ముగ్గురు మిత్రులు ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇటలీ సైనిక విమానాల వద్ద వారికి పరిచయమైంది. కార్లో గుజ్జి మెకానిక్. జోర్జో పరోది, జొవాన్ని రవెల్లి విమాన చోదకులు. యుద్ధం ముగిశాక కలిసి మోటారు సైకిళ్లు తయారు చేయాలని అనుకున్నారు. కాని 1919లో విమాన ప్రమాదంలో రవెల్లి మరణించారు. మిగిలిన ఇద్దరూ జోర్జో తండ్రి ఆర్థిక సహాయంతో 1921 మార్చి 15న జెనోవా నగరంలో సంస్థను స్థాపించారు. చనిపోయిన మిత్రుని జ్ఞాపకార్థం రెక్కలు విప్పిన గద్దను తమ చిహ్నంగా పెట్టుకున్నారు. నూరేళ్లు దాటినా ఆ గద్ద నేటికీ ప్రతి పెట్రోలు ట్యాంకు మీద కనిపిస్తుంది.

వారి తొలి బండి పేరు 'నొర్మాలే'. దానికి ఒకే సిలిండరు. అది నిలువుగా గాక, నేలకు సమాంతరంగా ముందుకు పడుకొని ఉండేది. ఎదురుగాలి నేరుగా సిలిండరు తలకు తగిలి దానిని చల్లబరచేది. 1928లో కార్లో అన్న జుసెప్పె గుజ్జి వెనుక చక్రానికి స్ప్రింగుల ఏర్పాటు గల బండి మీద నార్వే ఉత్తరపు కొస దాకా ప్రయాణించి, ఆ ఏర్పాటు నమ్మదగినదని నిరూపించారు. తరువాత జూలియో చెజారె కార్కానో అనే ఇంజనీరు రూపకల్పన చేసిన ఇంజనుతో 1967లో 'వి7' అనే పెద్ద బండి మార్కెట్టుకు వచ్చింది. ఇటలీ పోలీసులు దానిని వాడారు. అమెరికాలో కాలిఫోర్నియా పోలీసులు కూడా ఆ శ్రేణి బండ్లను కొన్నారు. నేడు పాత గుజ్జీలను బాగు చేసుకునేవారి చేతుల్లో ఎక్కువగా కనిపించేవి ఈ కుటుంబానికి చెందిన బండ్లే.

ఇంట్లో చేసుకోగలిగిన పని

'వి7' ఇంజనులో రెండు సిలిండర్లు ఉంటాయి. అవి ఒకదానికొకటి లంబకోణంలో, తెరిచిన పుస్తకం అట్టల వలె బండికి రెండు వైపులా పైకి పొడుచుకొని వస్తాయి. వెనుక చక్రానికి చైను ఉండదు. కారులో వలె ఒక ఇనుప కడ్డీ తిరుగుతూ శక్తిని అందిస్తుంది. క్లచ్ కూడా కారు తరహాలో నూనె తగలని పొడి క్లచ్. బండి నిలిచి ఉండగా యాక్సిలరేటరు తిప్పితే మొత్తం బండి ఒక పక్కకు కొద్దిగా ఒరుగుతుంది. కొత్తవారు దీనిని లోపమని భ్రమిస్తారు. ఇంజనులోని ప్రధాన ఇరుసు పొడవు దిశలో తిరగడం వల్ల కలిగే సహజమైన కదలిక అది.

సిలిండర్లు బయటికి ఉండటం వల్ల యజమానికి ఒక పెద్ద సౌకర్యం కలిగింది. వాల్వుల ఖాళీని సరిచూడడానికి ట్యాంకు విప్పనక్కరలేదు, ఇంజను దింపనక్కరలేదు. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, పైమూతకున్న బోల్టులు విప్పి, పిస్టను పైకొసకు వచ్చి రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో ఫీలర్ గేజ్ అనే పలుచని ఉక్కు రేకును వాల్వు కొసకూ దానిని నొక్కే చేతికీ మధ్య దూర్చి చూస్తారు. రేకు స్వల్పమైన పట్టుతో జారాలి. ఖాళీ మరీ తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోక, మంటకు కాలిపోతుంది. ఎక్కువైతే టకటకమని శబ్దం వస్తుంది. చిత్రమేమిటంటే, శబ్దం చేసే వాల్వు కంటె నిశ్శబ్దంగా ఉన్న బిగుతు వాల్వే ప్రమాదకరం. చప్పుడు లేదు గనుక బండి బాగున్నదని అనుకునేవారికి ఈ ఒక్క సంగతి చాలు.

ఈ పనికి ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు, ఒక ఫీలర్ గేజ్, ఒక గంట తీరిక ఉంటే సరిపోతుంది. ఇటలీలో ఈ పని తండ్రి చేస్తూ ఉంటే పక్కనే పిల్లలు నట్లను ఒక పళ్లెంలో వరుసగా పేరుస్తూ ఉండటం వింతేమీ కాదు. విప్పిన క్రమంలోనే పేర్చాలి, బిగించేటప్పుడు ఆ క్రమాన్ని తిరగేయాలి. దీనిని చేతితో నేర్చుకున్న పిల్లవాడికి వస్తువుల పట్ల నిర్లక్ష్యం అంత తేలికగా అలవడదు.

మెరుస్తున్న గోడ

ఇక అసలు విషయానికి వద్దాము. ఆనాటి పెద్ద గుజ్జీ ఇంజనుల్లో సిలిండరు అల్యూమినియంతో చేసినది. పిస్టను రాపిడిని తట్టుకోవడానికి లోపలి గోడకు గట్టి క్రోమియం పూత పూశారు. కొత్తలో అది అద్దం వలె మెరుస్తుంది, చాలా కాలం అరగదు. కాని దశాబ్దాలు గడిచాక, ముఖ్యంగా బండి వాడకుండా తేమలో నిలిచి ఉంటే, ఆ పూత కింద తుప్పు వంటి క్షయం మొదలై, పూత పొరలు పొరలుగా ఊడుతుంది. ఊడిన రేణువులు ఉక్కు కంటె గట్టివి. అవి నూనెలో కలిసి ఇంజనంతా తిరుగుతాయి. ఆ తొలి ఇంజనుల్లో మార్చదగిన ఆయిల్ ఫిల్టరు లేదు. ముతక రేణువులను ఆపే లోహపు జాలీ మాత్రమే ఉన్నది. సన్నని రేణువులు జాలీని దాటి, బేరింగులను గీకి పాడు చేస్తాయి.

ఇది బయటికి కనిపించని జబ్బు. బండి స్టార్ట్ అవుతుంది. కొంతకాలం చక్కగా నడుస్తుంది కూడా. రంగు కొత్తది, క్రోమియం సైలెన్సరు తళతళలాడుతున్నది, సీటుకు కొత్త తోలు వేశారు. కొన్న మనిషి వెయ్యి కిలోమీటర్లు తిరిగిన తరువాత నూనె మార్చినప్పుడు అడుగున మెరిసే పొడి కనిపిస్తుంది. అప్పటికి నష్టం జరిగిపోయి ఉంటుంది.

సాధారణ ఇనుప సిలిండరు అరిగితే లేతు పనివాని వద్ద బోరు చేయించి, కొంచెం పెద్ద పిస్టను వేసుకోవచ్చు. మన ఊళ్లలో అందరికీ తెలిసిన పద్ధతి ఇదే. పూత పూసిన సిలిండరును అలా బోరు చేయడం కుదరదు. కొత్త సిలిండర్లు కొనాలి, లేదా పాతవాటికి లోపల ఇనుప గొట్టం దిగగొట్టించాలి, లేదా మళ్లీ పూత వేయించాలి. తరువాతి కాలంలో గుజ్జి సంస్థ నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన 'నికాసిల్' అనే పూతకు మారింది. ఆ పూత గల సిలిండర్లను మాండెల్లోలోనే ఉన్న జిలార్దోని సంస్థ తయారు చేస్తుంది. పాత వి7 యజమానులలో జాగ్రత్తపరులు బండి కొనగానే ముందు వెచ్చించేది ఈ సిలిండర్ల మీదనే.

ఈ లోపం తెలిసి కూడా పైన రంగు వేసి అమ్మేవాడున్నాడు. ముందుగానే సిలిండరు తల విప్పి, కొనేవాని చేతికి టార్చిలైటు ఇచ్చి, "చూడండి, ఇక్కడ పూత లేస్తున్నది, అందుకే ధర తగ్గించాను" అని చెప్పేవాడూ ఉన్నాడు. సరుకులోని లోపాన్ని చెప్పి అమ్మాలన్నది మన ఇళ్లలో పిల్లలకు నేర్పే తొలి పాఠాలలో ఒకటి. అయితే ఆ పాఠం ధాన్యం గోనెకూ, బట్టల కొట్టుకూ మాత్రమే పరిమితమని మనలో చాలామంది అనుకుంటాము. సెకండ్ హ్యాండు బండి అమ్మేటప్పుడు మాత్రం, "కొనేవాడు చూసుకోవాలి గాని మనమెందుకు చెప్పాలి" అనే మాట నోటికి వస్తుంది. అంగట్లో ఒక నీతి, వీధిలో మరో నీతి ఉండటానికి వీలు లేదు.

ఏళ్ల తరబడి నిలిచిన బండి

పదేళ్లు, ఇరవయ్యేళ్లు షెడ్డులో నిలిచిన బండిని చూడగానే కిక్కు కొట్టి స్టార్టు చేయాలనే ఆత్రం కలుగుతుంది. అనుభవం గలవారు ఆ ఆత్రాన్ని అణచుకుంటారు. ముందుగా ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కొద్దిగా నూనె వేసి, చేతితో ఇంజనును మెల్లగా తిప్పి చూస్తారు. పాత నూనెను దించి, జాలీని విప్పి కడుగుతారు. నిల్వ ఉన్న పెట్రోలు జిగురుగా మారి కార్బొరేటరులోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది గనుక కార్బొరేటరును పూర్తిగా విప్పి శుభ్రం చేస్తారు. ట్యాంకు లోపల తుప్పు ఉన్నదేమో చూస్తారు. ఇథనాలు కలిపిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు పైపులనూ వాషర్లనూ ఉబ్బించి పాడు చేస్తుంది. మన దేశంలో ఇప్పుడు 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్ముతున్నారు గనుక, ఈ జాగ్రత్త మన ఇంటి పాత స్కూటరుకూ వర్తిస్తుంది.

తరువాత టైర్లు. టైరు మీద గాట్లు లోతుగా ఉన్నంత మాత్రాన అది మంచిదని కాదు. 2000 సంవత్సరం తరువాత తయారైన టైర్ల పక్క గోడ మీద నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైనదని అర్థం. రబ్బరు వయసుతో గట్టిపడి, పగుళ్లు తేలి, తడి రోడ్డు మీద పట్టు కోల్పోతుంది. గాట్లు చెక్కు చెదరకపోయినా, పాతబడిన టైరును మార్చవలసిందే.

బ్రేకుల విషయంలో మరొక హెచ్చరిక అవసరం. ఆ కాలపు బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ వాడేవారు. డ్రమ్ము విప్పి, లోపలి దుమ్మును నోటితో ఊదడం, గాలి పంపుతో ఎగరగొట్టడం మన మెకానిక్ షెడ్లలోనూ కనిపించే అలవాటు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు తీరని హాని చేస్తుంది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారవేయాలి. పిల్లలను ఆ సమయంలో దగ్గరకు రానీయకూడదు.

ఈ పనులన్నీ అయ్యాకనే రంగు సంగతి. అనుభవజ్ఞులు పాటించే ఖర్చుల వరుస ఇది: ముందు ఆపేవి, అంటే బ్రేకులు, టైర్లు, తరువాత పట్టి ఉంచేవి, అంటే చక్రాలు, బేరింగులు, స్టీరింగు, ఆ తరువాత నడిపించేవి, అంటే ఇంజను, గేర్లు, దాని తరువాత లైట్లు, వైర్లు, చిట్టచివర అందం. అంగడిలో అమ్మకానికి బాగు చేసేవారిలో ఎక్కువమంది ఈ వరుసను కింది నుంచి మొదలుపెడతారు.

కాగితం కూడా బండిలో భాగమే

ఇటలీలో పాత బండ్లను నమోదు చేసే వ్యవస్థ పటిష్ఠమైనది. 1966లో ఏర్పడిన చారిత్రక వాహనాల సంఘం ఒకటి, మోటారు సైకిళ్ల సమాఖ్య నిర్వహించే చారిత్రక పట్టిక మరొకటి ఉన్నాయి. ఇరవయ్యేళ్లు దాటిన బండికి అవి పరిశీలించి ధ్రువపత్రం ఇస్తాయి. ముప్పయ్యేళ్లు దాటిన వాహనాలకు సాధారణ యాజమాన్య పన్ను ఉండదు. అయినా రోడ్డు మీదికి రావాలంటే బీమా తప్పదు, రెండేళ్లకొకసారి తనిఖీ తప్పదు.

అక్కడి అభిమానులు రెండు మాటలను జాగ్రత్తగా వేరు చేస్తారు. ఒకటి 'భద్రపరచినది', రెండవది 'పునరుద్ధరించినది'. కర్మాగారంలో వేసిన రంగు వెలిసిపోయి, గీతలు పడి ఉన్నా, అదే రంగుతో నిలిచిన బండికి మొదటి పేరు. విప్పి, కొత్త రంగు వేసి, కొత్త భాగాలు అమర్చిన దానికి రెండవ పేరు. పాతదనాన్ని అలాగే కాపాడిన బండికి గౌరవం ఎక్కువ. ఎందుకంటే బండిని కొత్త రంగు ఎన్నిసార్లయినా వేయవచ్చు. మొదటి రంగు మాత్రం ఒక్కసారే ఉంటుంది.

గౌరవంతో పాటు ధర కూడా పెరిగింది; ధర పెరిగిన చోట మోసమూ చేరింది. ఛాసీ సంఖ్యను చెరిపి వేరొకటి కొట్టడం, సాధారణ మోడలును అరుదైన మోడలుగా వేషం మార్చడం అక్కడి విపణిలో తెలియనివి కావు. దీనికి నిజాయితీపరులు కనిపెట్టిన మందు చాలా సులభమైనది: ఒక నోటు పుస్తకం. ఏ తేదీన ఏ భాగం విప్పారో, ఏది మార్చారో, ఎంత ఖర్చయిందో అందులో వ్రాస్తారు. విప్పేముందు ఫొటోలు తీస్తారు. తీసివేసిన పాత భాగాలను ఒక పెట్టెలో దాచి, బండి అమ్మేటప్పుడు ఆ పెట్టెనూ పుస్తకాన్నీ కొనేవాని చేతికి ఇస్తారు. ఆ బండి తమ వద్ద ఒక అమానత్ మాత్రమేనని, తమ తరువాత మరొకరి చేతికి వెళ్లేదని తెలిసినవారు చేసే పని ఇది.

మన ఇళ్ల వైపు చూస్తే

ఇటలీ బండ్లతో మనకు సంబంధం లేదని అనుకోనక్కరలేదు. మిలాను నగరపు ఇన్నొచెంతి సంస్థ చేసిన లాంబ్రెటా స్కూటరు మన దేశంలో బొంబాయిలో తయారయ్యేది. ఇటలీలో దాని తయారీ ఆగిపోయాక, ఆ యంత్రసామగ్రిని భారత ప్రభుత్వమే కొని, 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా సంస్థను నెలకొల్పింది. అక్కడి నుంచి 'విజయ్ సూపర్' వచ్చింది. హైదరాబాదు ఆల్విన్ సంస్థ 'పుష్పక్' అనే స్కూటరును అమ్మింది. పియాజ్జో వారి వెస్పాను అనుమతితో బజాజ్ సంస్థ 1960ల నుంచి 1971 వరకు తయారు చేసింది. దాని రూపమే తరువాత 'చేతక్' లో కొనసాగింది. తండ్రి నడుపుతుండగా ముందు పిల్లవాడు నిలబడి, వెనుక తల్లి, ఆమె ఒడిలో పసిబిడ్డ కూర్చొని ఈద్‌గాహ్‌కో, చుట్టాల ఇంటికో బయలుదేరిన ఆ స్కూటరు రూపురేఖలు ఇటలీ నుంచి వచ్చినవే.

ఆ స్కూటర్లు ఇప్పుడు మళ్లీ వెదకి కొంటున్నారు. ఇక్కడే మన పరువు కూడా ముడిపడి ఉన్నది. ఆసియా దేశాల నుంచి ఐరోపాకు వెళ్లిన పాత వెస్పాలలో కొన్ని, పైన మెరిసే రంగు, లోపల కుళ్లిన రేకు, పుట్టీతో పూడ్చిన రంధ్రాలు, అతుకులతో వెళ్లాయి. ఫలితంగా ఆసియాలో బాగుచేసిన స్కూటరు అంటేనే అక్కడివారు అనుమానించే స్థితి వచ్చింది. చక్కగా పని చేసే మన డెంటింగు మేస్త్రీలు, లేతు పనివారు కొందరి పుట్టీ పనికి నింద మోస్తున్నారు.

మన దేశంలో 2021లో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకు ప్రత్యేక నియమాలు చేసింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న రెండు, నాలుగు చక్రాల వాహనాలను 'వింటేజ్' వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000 రూపాయలు రుసుము. నంబరు పలకలో రాష్ట్ర సంకేతం తరువాత 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. ఆ బండిని రోజువారీ ప్రయాణాలకు గాని, వ్యాపారానికి గాని వాడకూడదు. తాతగారి స్కూటరును బాగు చేయించాలనుకునే యువకులు ఖర్చు పెట్టకముందే ఈ సంగతి తెలుసుకోవాలి. ఛాసీ సంఖ్య, ఆర్‌సీ పుస్తకంలోని సంఖ్య ఒకటేనా అని చూసుకోవాలి.

ఇంటి లెక్క

పాత బండి మీద ప్రేమ మంచిదే. కాని ఆ ప్రేమ ఒక బండితో ఆగక, రెండవదానికి, మూడవదానికి పాకితే ఇంటి డబ్బు ఎటు పోతున్నదో తెలియదు. ఇటలీలోనూ సగం విప్పిన బండ్లు, ఎన్నటికీ పూర్తి కాని పనులు గ్యారేజీలలో పేరుకొని ఉన్న ఇళ్లున్నాయి. వాడకుండా మూల పడేసిన దానిని బాగు చేసి వాడటం పొదుపు. వాడేది ఒకటి ఉండగా చూపు కోసం నాలుగు పోగుచేయడం దుబారా. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడున్నదో ఇంటి ఇల్లాలికి బాగా తెలుస్తుంది. అందువల్ల ఖర్చు మొదలుపెట్టక ముందే ఇంట్లో కూర్చొని, ఎంత వరకు, ఎన్ని నెలలు, ఏ డబ్బుతో అని మాట్లాడుకోవాలి. ఫీజు కట్టవలసిన డబ్బుతో సైలెన్సరుకు మెరుగు పెట్టించరాదు.

పాఠకులకు మా విన్నపం ఒక్కటే. మన అబ్బాయికో, అమ్మాయికో కాలేజీకి వెళ్లడానికి సెకండ్ హ్యాండు బండి కొని తాళం చేతికిచ్చే రోజున, వారితో కలిసి ఒక గంట ఆ బండి దగ్గర కూర్చోండి. టైరు మీది నాలుగు అంకెలు చదివించండి. బ్రేకు లీవరు నొక్కించి, చక్రం ఆగుతున్నదా అని చేతితో తిప్పి చూపించండి. నూనె మట్టం చూపించండి. ఒక నోటు పుస్తకం కొనిచ్చి, మొదటి పుటలో ఆ రోజు తేదీ వ్రాయించండి. రేపు ఆ బండిని వారు మరొకరికి అమ్మినప్పుడు, ఆ పుస్తకం కూడా కొనేవానికి చేరాలని అదే రోజున చెప్పండి.